నేను త్యాగం చేసిన వీసా

తెల్లాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ల మధ్య నడకదారి పక్కన ఒక సిమెంటు బెంచీ ఉంది. పొద్దున ఆరున్నరకు రిటైరైన వాళ్లం నలుగురైదుగురం అక్కడ చేరతాం. నడిచేది పావుగంట, కూర్చునేది గంటన్నర. ఆ బెంచీ మీద కూర్చుని ఒకరోజు నేను అన్న మాట ఇది:

"నా వీసా వదులుకున్న. మా వియ్యపురాలికి ఇచ్చేసిన. పాపం, ఒంటి మనిషి. నాకేంది, నేను ఏడున్నా రాజునే."

బ్యాంకులో పనిచేసి రిటైరైనాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇంకొకాయన నా చెయ్యి పట్టుకుని "ఈ కాలంల గిసువంటి మనుషులు ఏడ ఉన్నరన్నా" అన్నాడు. మర్నాటికి నేను కథను కొంచెం పెంచాను. ఆస్ట్రేలియా ఆఫీసరు స్వయంగా ఫోన్ చేసి "సార్, మీరు రావడం లేదా" అని అడిగాడన్నాను. మూడోరోజుకు ఆ ఆఫీసరు ఫోన్‌లోనే కంటతడి పెట్టుకున్నాడు.

ఆఫీసరు లేడు, ఫోనూ లేదు. వీసా అయితే వదులుకున్నాను. అది త్యాగమని నేను పేరు పెట్టాను గానీ, పక్కన నిలబడి చూసినవాళ్లు ఉంటే పారిపోవడం అనేవారు. ఇప్పుడు ఇంట్లో ఎవరూ లేరు. నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. వంటింట్లోకి పోతాను, ఎందుకొచ్చానో గుర్తుండదు, బాల్కనీలోకి వస్తాను. చేతికి ఏదో ఒక పని ఉండాలని ఇది రాస్తున్నాను.

మా బిడ్డ, అల్లుడు ఆస్ట్రేలియాలో ఉంటారు. వాళ్లకు నాలుగేళ్ల పాప. తల్లిదండ్రులను మూడేళ్ల పాటు తమ దగ్గర ఉంచుకునేందుకు ఆ దేశం ఒక తాత్కాలిక వీసా ఇస్తుంది. ముందు పిల్లలు స్పాన్సర్‌గా మంజూరు తెచ్చుకోవాలి, ఆ తరువాత మనం దరఖాస్తు పెట్టుకోవాలి. మంజూరు మా బిడ్డ పేరు మీద వచ్చింది. ఒకటే చిక్కు. ఒక ఇంటికి ఒకసారి ఇద్దరు పెద్దవాళ్లకే చోటు. ఇక్కడ నేను, నా భార్య. అక్కడ ఖాజాగూడలో ఒంటరిగా ఉండే అల్లుడి తల్లి. అంటే ముగ్గురం.

"నువ్వు, అమ్మ ముందుగాల రండి నాన్నా" అంది బిడ్డ వీడియోలో. "అత్తమ్మకు తర్వాత పెడతం. ఆయన గూడ సరే అన్నడు."

"సరే అన్నడా, ఊకున్నడా?"

బిడ్డ కాసేపు తెర మీద నుంచి పక్కకు చూసింది. "ఊకున్నడు నాన్నా."

ఆడపిల్ల తల్లిదండ్రులు అల్లుడింట్లో మూడురోజులు ఉంటేనే మా వైపు ముచ్చట పెట్టుకుంటారు. మూడేళ్లంటే ఇక చెప్పక్కర్లేదు. మా నాయన జహీరాబాద్‌లోని మా అక్క ఇంటికి పోతే మంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదు, చెంబు వెంట పట్టుకుపోయేవాడు అని నేను అందరికీ చెబుతుంటాను. నిజానికి ఆయన కడుపునిండా తిని, పెరుగు రెండోసారి అడిగేవాడు.

నా భార్యకు ఈ పట్టింపులేవీ లేవు. వీసా రాకముందే పెద్ద సూట్‌కేసు కొని, మంచం పక్కన నిలబెట్టి, రాత్రి లేచినప్పుడల్లా దానికి తట్టుకునేది. కారం, పసుపు పట్టించింది. మనవరాలికి గౌను కుట్టించింది. పిల్ల పెరిగి ఉంటుందని విప్పించి మళ్లీ కుట్టించింది. "ఏమయ్యా, ఆడ చలి ఎంతుంటది? నీకు స్వెట్టర్ ఒకటి చాలుతదా రెండు గావాల్నా?" అని రోజూ అడిగేది. ఆమె ఊహలో విమానం ఎక్కేది ఎప్పుడూ ఇద్దరమే.

బిడ్డ ప్రశ్నల కాగితం పంపింది. ఆదివారం వీడియోలో మమ్మల్ని ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్కటీ అడిగి తానే నింపుతానంది. ముందే చదువుకుని ఉండమంది. శుక్రవారం నాడు గేటు బయట జిరాక్స్ షాపులో దాన్ని ప్రింటు తీయించి, అక్కడే నిలబడి చదివాను. మూడో పేజీలో ఉంది: మీకు ఎప్పుడైనా క్షయవ్యాధి వచ్చిందా?

కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాను. ప్రశ్న అక్కడే ఉంది.

నాకు వచ్చింది. పెళ్లికి ఏడాదిన్నర ముందు, కరెంటు డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరినప్పుడు. మా నాయన నన్ను జహీరాబాద్‌లో అక్క ఇంట్లో దాచాడు. దాచాడనే అనాలి. మా ఊళ్లో ఆ మాట బయటికి పొక్కితే నాకు పిల్లనిచ్చేవాళ్లు కాదు, మా చెల్లెళ్లను చేసుకునేవాళ్లూ కాదు. ఊళ్లో మాత్రం శ్రీశైలం అడవిలో హైటెన్షన్ లైన్ల ట్రైనింగుకు పోయానని చెప్పారు. తగ్గింది. తిరిగొచ్చాను. సంబంధం కుదిరింది. పెళ్లయిన వారానికి నా భార్య "ఆ అడవిల ఏం జేసెటోనివి?" అని అడిగింది. అప్పుడు నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. నేను టవర్ మీద ఉండగా కింద ఎలుగుబంటి వచ్చిందనీ, సగం దాకా ఎక్కిందనీ, నేను పానా విసిరితే దాని ముక్కుకు తగిలిందనీ చెప్పాను. నలభై మూడేళ్లలో ఆ ఎలుగుబంటి బాగా పెరిగింది. ఒక దశలో దానికి రెండు పిల్లలు కూడా పుట్టాయి.

ఇప్పుడు ఆదివారం నా భార్య నా పక్కన కూర్చుని ఉండగా, నా బిడ్డ ఆ ప్రశ్న చదువుతుంది. లేదు అంటే వైద్యపరీక్షలో తీసే ఎక్స్‌రే పాత మచ్చను బయటపెడుతుంది, దరఖాస్తు అబద్ధమవుతుంది. అవును అంటే ఎలుగుబంటి చస్తుంది. ఎలుగుబంటితోపాటు ఇంకేం చస్తుందో నాకు తెలియలేదు.

శుక్రవారం మధ్యాహ్నమే బస్సెక్కి మాదాపూర్ పోయాను. వీసా వైద్యపరీక్షలు చేసే క్లినిక్ ఎదుట అటు నాలుగుసార్లు, ఇటు నాలుగుసార్లు తిరిగాను. మెడలో ఐడీ కార్డులు వేలాడే పిల్లలు చాయ్ కప్పులతో నన్ను తప్పుకుంటూ పోతున్నారు. గేటు దగ్గరి వాచ్‌మన్ చివరికి ఓపిక పట్టలేకపోయాడు.

"ఏం గావాలె పెద్దాయనా? పొద్దువోతలేదా?"

"ఏం లేదు గని, ఎక్స్‌రేల పాతవి గూడ కనవడ్తయా?"

"ఎంత పాతయి?"

"జర పాతయే. నలభై అయిదేండ్లు."

"అప్పటికి నేను పుట్టనే లేదు. నన్నడుగుతవేంది, నేను గేటు కాడుంట" అన్నాడు.

ఆ రాత్రి నాకు ఒక గొప్ప ఉపాయం తట్టింది. గొప్పది అని అప్పుడు అనుకున్నాను. శనివారం పొద్దున ఆపిల్స్, అరటిపండ్లు, తమలపాకులు, వక్కలు కొని, ఇంట్లోంచి స్టీలు పళ్లెం ఒకటి సంచిలో పెట్టుకుని ఖాజాగూడ పోయాను. మా వియ్యపురాలిది గుంటూరు వైపు. చెరువు దగ్గరి పాత ఇళ్ల వెనక, రాళ్లగుట్ట కనిపించే ఒక చిన్న ఫ్లాటులో ఉంటుంది.

"రండి అన్నయ్యగారూ! ఏంటండీ ఇంత ఎండలో? వదినగారు రాలేదా?"

నేను పండ్లు, తాంబూలం పళ్లెంలో సర్ది, రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. పెళ్లిమాటలప్పుడు కూడా నేను అంత నిటారుగా నిలబడలేదు. "చెల్లెమ్మా, నా చోటు నువ్వు తీసుకో. కొడుకు దగ్గరికి ముందుగాల తల్లి పోవాలె. మామది తర్వాత."

ఆమె మొదట నవ్వింది. తరువాత "అదేం మాటండీ, కుదరదండీ" అంది. నేను పళ్లెం దించలేదు. "అమ్మాయి ఏమనుకుంటుందండీ" అంది. దించలేదు. "వదినగారిని అడిగారా?" అంది. అడిగానన్నాను. అది అబద్ధం. మూడుసార్లు కాదని, నాలుగోసారి కొంగు పట్టి తాంబూలం తీసుకుని దేవుడి ముందు పెట్టి వచ్చింది. వెంటనే కొడుక్కి ఫోన్ కలిపింది. మా అల్లుడు మితభాషి. "మామయ్యగారూ" అన్నాడు, ఆగాడు, మళ్లీ "మామయ్యగారూ" అన్నాడు. ఆ పది నిమిషాలు నేను నిజంగానే గొప్పవాణ్ని. కారణం, భార్యను అడిగానన్న మాట తప్ప అందులో అంతా నిజమే.

నా తప్పు ఆ తాంబూలం. ఫోన్‌లో చెప్పి ఉంటే రెండు రోజుల తరువాత ఏదో వంకతో మార్చుకునే వీలుండేది. కానీ నాకు ఏదీ చిన్నగా చేయడం రాదు. వియ్యాలవారికి తాంబూలం చేతిలో పెట్టి అన్న మాట వెనక్కి తీసుకునే ఇల్లు మా రెండు వైపులా లేదు.

ఇంటికొచ్చి చెబితే నా భార్య చేతిలోని చాట కింద పెట్టింది.

"తాంబూలం ఇచ్చినవా? నన్నడగకుంట?"

"పాపం, ఒక్కతే ఉంటది గద."

"ఉంటది. నాకూ ఆమె మీద జాలే. గని నీకు గింత మంచితనం ఎప్పట్నించి?" నా మొహంలోకి పరీక్షగా చూసింది. "మూడేండ్లు నువ్వొక్కనివి ఏం తింటవ్?"

"వండుకుంట. ట్రైనింగ్‌ల వండుకోలేదా?"

ఆ మాట నోట్లోంచి వచ్చాక నాకే సిగ్గేసింది. ఆమె మాత్రం నమ్మింది. నమ్మింది కాబట్టి పోట్లాడలేదు. సూట్‌కేసు తెరిచి, అడుగున పరిచిన నా స్వెట్టర్లు రెండూ తీసి, మడత చెడకుండా బీరువాలో పెట్టింది. నేను చెప్పులేసుకుని బయటికి పోయి కాంపౌండ్ చుట్టూ మూడుసార్లు తిరిగాను.

దరఖాస్తులో పేరు మారింది. కొన్ని వారాలకు ఆడవాళ్లిద్దరికీ వైద్యపరీక్షల పిలుపు వచ్చింది. అదే మాదాపూర్ క్లినిక్. తోడుగా నేను పోయాను. వాచ్‌మన్ నన్ను గుర్తుపట్టి "కనవడ్డయా పెద్దాయనా?" అన్నాడు. నేను వినపడనట్టు లోపలికి నడిచాను.

లోపల ఒక పడుచమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని నా భార్యను తెలుగులోనే అడుగుతోంది. షుగర్ ఉందా, ఆపరేషన్లు అయ్యాయా, టీబీ వచ్చిందా. వియ్యపురాలు పక్క కుర్చీలో తన వంతు కోసం చూస్తోంది. నేను వెనక నిలబడ్డాను.

"ఇంట్లో మీతో కలిసి ఉన్నవాళ్లకు ఎవరికైనా టీబీ ఉండేదా అమ్మా?"

"మా ఇంట్ల గసువంటియి లేవు బిడ్డా" అంది నా భార్య గర్వంగా. "మా ఆయనైతే ఉక్కు మనిషి. అడవిల ఎలుగుబంటితోటి కొట్లాడొచ్చినోడు."

ఆ అమ్మాయి నవ్వి ఒక కాగితం తీసింది. "చెప్పినవన్నీ నిజమని ఇక్కడ సంతకం పెట్టండమ్మా."

నా భార్య సంతకం నిదానంగా పెడుతుంది. ఒక్కో అక్షరం గీసి, చూసుకుని, తరువాతిది గీస్తుంది. మొదటి అక్షరం అయింది. నా కోసం ఆమె ఒక దేశానికి అబద్ధం రాసిస్తోంది, అది అబద్ధమని కూడా ఆమెకు తెలియదు. రేపు అక్కడ ఏ అధికారో పట్టుకుంటే, బిడ్డను చూడబోయిన మనిషిని వెనక్కి పంపిస్తే?

"ఆగు" అన్నాను.

ముగ్గురూ నా వైపు తిరిగారు.

"నాకొచ్చింది. టీబీ. పెండ్లికి ముందు. నెత్తురు కక్కుకున్న. డాక్టర్లు చేతులెత్తేసిన్రు. ఇగ బతకడన్నరు."

"ఏ సంవత్సరం సార్? ఏ ఆసుపత్రి?" అమ్మాయి వేళ్లు కీబోర్డు మీద ఆగాయి.

"కక్కలేదమ్మా" అన్నాను. "దగ్గితే రెండుసార్లు రుమాలుకు మరక అంటింది. చేతులెవరూ ఎత్తలె. మందులు వాడితే తగ్గుతదన్నరు, తగ్గింది."

"మందులు పూర్తిగా వాడారా? తగ్గిన తరువాతే పెళ్లయిందా?"

"అవును."

"అయితే అమ్మగారికి సంబంధం లేదు సార్. మీరు అప్లై చేయట్లేదు కదా? మీది రాయక్కర్లేదు."

రాయక్కర్లేదట. నలభై మూడేళ్లు కడుపులో దాచుకున్నది, అక్కర్లేని చోట, అక్కర్లేని రోజున, వియ్యపురాలి ముందు కక్కేశాను. నా భార్య రెండో అక్షరం గీసింది, చూసుకుంది, మూడోది గీసింది. వియ్యపురాలు సంచిలోంచి నీళ్ల సీసా తీసి మూత విప్పి ఆమె చేతికి ఇచ్చింది.

వియ్యపురాలిని ఖాజాగూడలో దించాక క్యాబ్‌లో మేమిద్దరమే మిగిలాం. గచ్చిబౌలి దాటే దాకా నా భార్య కిటికీలోంచి చూస్తూ ఉంది.

"ఎలుగుబంటి?" అంది.

"లేదు."

"టవర్?"

"టవర్ గూడ లేదు. అక్క ఇంట్ల ఎనక అర్ర."

"ఆ ముచ్చట నేను బిడ్డకు చెప్పిన. బిడ్డ దాని పిల్లకు చెప్పింది. పిల్ల బొమ్మ గీసి ఫ్రిజ్‌కు అంటిచ్చుకున్నది." డ్రైవర్ అద్దంలోంచి మమ్మల్ని చూశాడు. ఆమె గొంతు తగ్గించలేదు. "అప్పుడే చెప్తే మా నాయన పిల్లనిచ్చెటోడు కాదు. అది నాకెరుకే. పెండ్లయినంక చెప్పొచ్చు. బిడ్డ పుట్టినంక చెప్పొచ్చు. రిటైరైనంక కూసున్నవ్ గద ఊకెనే, అప్పుడన్న చెప్పొచ్చు. నాతోటి వచ్చుడు ఇడిసిపెట్టినవ్ గని నోరైతే ఇప్పలే!"

పెద్ద జవాబులే వచ్చాయి నోటి దాకా. వాటిని మింగాను.

మర్నాడు వియ్యపురాలు వచ్చింది. ఆ పళ్లెంలోనే పండ్లు, తాంబూలం పెట్టుకుని వచ్చింది. "అన్నయ్యగారూ, మీరిద్దరూ కలిసి వెళ్లండి. నేను తర్వాత వెళ్తానండీ. నాకేం తొందర?" అంది. తొందర ఉందని ఆమె కళ్లే చెబుతున్నాయి.

నా భార్య పళ్లెం ముట్టలేదు. "ఇచ్చింది ఇచ్చినట్టే వదినా. ఆయన ఎందుకిచ్చిండో ఆయనకెరుక, తీసుకున్నది మాత్రం నువ్వు మంచి మనసుతోటి తీసుకున్నవ్. కూసో, చాయ్ పెడత."

ఆ సాయంత్రమే బిడ్డకు ఫోన్ చేసింది. నాకు మామూలు సందర్శకుల వీసాకు పెట్టమంది. అది కొన్ని నెలలే ఉంటుంది, ఇద్దరి లెక్కలోకి రాదు. అన్నీ ఉన్నదున్నట్టు రాయమంది. ఎందుకో నన్నే చెప్పమని ఫోన్ నా చేతికిచ్చింది. చెప్పాను.

"నాన్నా, పాతది ఉందంటే కఫం పరీక్షలంటరు, రెండు నెలలు ఆపుతరు. ఇస్తరో ఇయ్యరో గూడ తెల్వది."

"కానియ్యి" అంది నా భార్య వెనకనుంచి.

వివరాల గడిలో ఏం రాయాలో ముందు కాగితం మీద రాసుకుందామని ఆమే పెన్ను పట్టింది. తెలుగులో రాస్తే బిడ్డ ఇంగ్లీషు చేస్తుందట.

"ఎన్ని నెలలు వాడినవ్?"

"ఏడాదిన్నర."

పెన్ను ఎత్తి నా వైపు చూసింది.

"పద్నాలుగు నెలలు."

"సూదులెన్ని?"

"మొదట మూణ్నెల్లు దినాం ఒకటి. దవాఖానకు నడిచి పోయెటోన్ని."

"అన్నం ఎవలు పెట్టెటోళ్లు?"

"అది ఫారంల లేదు గద."

"నేనడుగుతున్న."

"అక్క. గిన్నె గడప కాడ పెట్టి పోయేది. బావకు భయం. నేను తిన్నంక నా గిన్నె నేనే కడుక్కునేటోన్ని." ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పేటప్పుడు దాన్ని ఏ వైపునుంచి పెంచాలో కూడా నాకు తోచలేదు.

ఆమె అదీ రాసింది. రాసి, కొట్టేసింది. "నలభై మూడేండ్ల సంది పక్కపక్కనే కంచాల ముందట కూసుంటున్నం" అంది. "నేను అడగని సంగతి ఆ దేశపోళ్లు అడిగిన్రు."

ఆమె వీసా, వియ్యపురాలి వీసా ఒకే వారంలో వచ్చాయి. నేను విమానాశ్రయం దాకా పోయి గాజు తలుపు బయట నిలబడ్డాను. ఇద్దరు ఆడవాళ్లు ఒకే తోపుడు బండిని చెరోవైపు పట్టుకుని నెట్టుకుంటూ పోయారు. నా భార్య ఒకసారి వెనక్కి తిరిగి, చేతితో టైము చూపించింది. కఫం పరీక్షకు మూడు రోజులు వరసగా పరగడుపున క్లినిక్‌కు పోవాలని గుర్తుచేస్తోంది.

పోయాను. మూడు పొద్దులూ దగ్గి చిన్న డబ్బాల్లో ఇచ్చి వచ్చాను. ఇక ఎదురుచూడడమే పని. బెంచీ మీద వాళ్లకు కూడా చెప్పాను. ఆఫీసరు ఏడ్వలేదనీ, నేను ఎందుకు ఆగిపోయాననీ. బ్యాంకాయన "అయ్యో, పాతదేగా" అన్నాడు. అంటూనే జానెడు అవతలికి జరిగాడు. తాను జరిగినట్టు ఆయనకే తెలియదనుకుంటాను. నేను పెళ్లినాటినుంచి భయపడింది ఆ జానెడుకే. చూస్తే పెద్ద దూరమేమీ కాదు. అయినా ఆ రోజు ఇంటికి తొందరగా వచ్చేశాను.

నిన్న వీడియోలో నా భార్య వియ్యపురాలి వంట గురించి కాసేపు చెప్పింది. పులుసులో బెల్లం వేస్తుందట. మనవరాలు ఇద్దరు నానమ్మలున్నారని అందరికీ చెబుతోందట. అమ్మమ్మ అనమంటే అనదట. తరువాత "దినమంత ఏం జేసినవ్?" అని అడిగింది.

"ఏం జేసిన్నా? పొద్దుగాల అయిదు కిలోమీటర్లు నడిచి…" అని మొదలుపెట్టాను. తెర మీద ఆమె కదలకుండా చూస్తోంది.

"మూడు రౌండ్లు గూడ తిరగలె" అన్నాను. "వీసా మెయిల్ వచ్చిందా అని అయిదుసార్లు చూసిన. గేటు దాకా పోయిన, వచ్చిన. అన్నం మాడింది. మళ్ల చూసిన."

"రాలేదా?"

"రాలె."

"ఈడ గూడ రాలె. బిడ్డ ఫోన్ల నేనూ చూస్తనే ఉన్న" అంది. "ఇగ పెట్టేయ్. లైన్ల ఉంటే వచ్చింది తెల్వది."